విశేషమేమైనా ఉందా?

'విశేషం' అనే మాటకు నిఘంటువులో ఎన్ని అర్థాలున్నాయో గాని, పెళ్ళయిన ఆడపిల్ల విషయంలో మాత్రం ఒక్కటే అర్థం. పెళ్ళికి ముందు "విశేషాలేమిటి?" అని ఎవరైనా అడిగితే చదువు సంగతి చెప్పొచ్చు, చూసిన సినిమా సంగతి చెప్పొచ్చు, ఏమీ తోచకపోతే వానల సంగతి చెప్పొచ్చు. మెడలో మూడు ముళ్ళు పడి మూడు నెలలు దాటాయా, ఆ బహువచనం కాస్తా ఏకవచనమైపోతుంది. "విశేషమేమైనా ఉందా?" అంటారు. అడిగేవాళ్ళు ముఖం వంక కూడా చూడరు. కాస్త కిందికి చూస్తారు.

మా వాకాట్లో ఈ ప్రశ్న అడగడానికి చుట్టరికం అక్కర్లేదు. కోట బస్సులో పక్కన సీటు దొరికితే చాలు. కూరగాయలావిడ వంకాయలు తూస్తూ అడుగుతుంది. రవికలు కుట్టే ఆవిడ కొలత తీసుకుంటూ, టేపు ఒక్క క్షణం ఆపి అడుగుతుంది. ఇందులో దురుద్దేశం ఏమీ లేదండోయ్. ఉందంటే రేపే నాలుగు మామిడికాయలు పంపిస్తారు. అడిగించుకున్న పిల్ల కూడా నవ్వేసి తప్పించుకుంటుంది. నవ్వితే ఉన్నట్టు, తల వంచుకుంటే తప్పకుండా ఉన్నట్టు, విసుక్కుంటే ఇంకా లేనట్టు అని అడిగినవాళ్ళే లెక్క కట్టుకుంటారు. జవాబు చెప్పి తీరాలన్న నిర్బంధం ఎవరికీ లేదు.

ఇదే ప్రశ్న అరుగు మీద నుంచి లేచి, చెప్పులు తొడుక్కుని, ఒక ఆఫీసుకు పోయి, బల్లకు అవతలి కుర్చీలో కూర్చుంటే ఏమవుతుంది? అప్పుడు దాని వెనక మామిడికాయలుండవు. జీతం ఉంటుంది. నవ్వి తప్పించుకోవడం కుదరదు. ఉందనో లేదనో చెప్పాలి.

నేనీ సంగతి ఇంతగా ఆలోచించడానికి కారణం మా పక్కింటి కోడలు. విద్యానగర్‌లో ఇంజనీరింగు చదివిన పిల్ల. పెళ్ళయి ఏడాది కావస్తోంది. ఒక సాయంత్రం, స్వర్ణముఖి వైపు నుంచి గాలి తిరిగే వేళకు, మా వరండాలోకి వచ్చి మెట్టు మీద కూర్చుంది. చేతిలో రెండు కాగితాలు. ఒకటి శ్రీసిటీలో ఒక కంపెనీ పంపిన నియామక పత్రం. నెలకు ఇరవై ఎనిమిది వేల జీతం, వచ్చే నెల ఒకటో తేదీన చేరాలి. రెండోది గూడూరులో డాక్టరమ్మ రాసిచ్చిన చీటీ. రెండో నెల. రెండు కాగితాలూ ఒకే వారంలో వచ్చాయట.

"ఒక దేవుడే రెండు వరాలు ఒకేసారి ఇచ్చినాడు పెద్దత్తా. ఏది ముందు చెప్పాలో చెప్పకుండా పోయినాడు" అంది.

ఇంట్లో తలా ఒక మాట అంటున్నారట. అత్తగారేమో మూడో నెల నిండేదాకా మూడో చెవిన పడటానికి వీల్లేదంటుంది. అది దిష్టి శాస్త్రం. భర్త, ఆరు నెలలు ప్రొబేషను గదా, పర్మనెంటు చేశాక చెబుదువులే అంటాడు. ఇప్పుడు రెండో నెల, ఆరు నెలల తర్వాత ఎనిమిదో నెల వస్తుందనీ, అప్పటికి నోటితో చెప్పే పని ఉండదనీ ఆ అబ్బాయికి తట్టినట్టు లేదు. ఇక కోటలో కిరాణా కొట్టున్న తండ్రి ఫోనులో చెప్పాడట, "అమ్మా, ఉప్పు తినబోయే చోట దాపరికం వద్దు. చేరకముందే చెప్పేసెయ్. ఉంచుకుంటే ఉంచుకుంటారు, లేకుంటే లేదు" అని.

ముగ్గురూ ఆ పిల్ల మంచి కోరేవాళ్ళే. తండ్రి మాటే ఆమెను ఎక్కువగా కలవరపెట్టింది. "చెప్పకుండా చేరితే మోసం చేసినట్టా, పెద్దత్తా?"

నేను టీచరుగా చేసి రిటైరైన దాన్ని. అడిగిన ప్రశ్నకు జవాబు చెప్పడం అలవాటు. కాని ఆ సాయంత్రం వెంటనే చెప్పలేకపోయాను. రేపు రమ్మన్నాను. ఎందుకంటే ఆ ప్రశ్నకు రెండు వైపులా కూర్చున్నదాన్ని నేను. రెండు వైపులా బాకీ పడ్డదాన్ని కూడాను.

మొదటి బాకీ 1981 నాటిది. ఒక ప్రైవేటు బళ్ళో తెలుగు టీచరుగా చేరాను. చేరేనాటికి మూడో నెల. కరస్పాండెంటుగారు పెద్దమనిషి. సూటిగా అడక్కుండా, "ఇంట్లో ఇబ్బందులేమీ లేవు గదమ్మా?" అన్నారు. "ఏమీ లేవండి" అన్నాను. బయటికి వచ్చాక నా తెలివికి నేనే మురిసిపోయాను. కడుపులో బిడ్డ ఇబ్బంది ఎలా అవుతుంది? నేను చెప్పింది నిజమే గదా! ధర్మరాజు ఏనుగు పేరు పెట్టుకుని గొంతు తగ్గించినప్పుడు ఆయనకూ ఇలాంటి సంతోషమే కలిగి ఉంటుంది, ఒక్క నిమిషం పాటు.

కళ్యాణమొచ్చినా కక్కొచ్చినా ఆగదని పెద్దలు ఊరికే అనలేదు. చేరిన పదిహేనో రోజున ఎనిమిదో తరగతిలో గుణసంధి చెబుతూ ఉదాహరణ మధ్యలో వదిలేసి పరుగెత్తాను. తిరిగి వచ్చేసరికి బల్ల పక్కన ఒక ముక్కాలి పీట వేసి ఉంది. ఆయా వేసింది. "నువ్వు చేరిన రోజే కనిపెట్టినానమ్మా. మెట్లెక్కేటప్పుడు గోడ పట్టుకున్నావు" అంది. ఆమె ఎవరికీ చెప్పలేదు. నన్ను అడగనూ లేదు. పీట మాత్రం వేసింది.

కరస్పాండెంటుగారితో నేను చమత్కారంగా మాట్లాడినందుకు నాకిప్పటికీ పెద్ద పశ్చాత్తాపం లేదు. నా బాకీ హిందీ టీచరుకు. వేవిళ్ళతో నేను రాని రోజుల్లో నా తరగతులన్నీ ఆమె నెత్తిన పడ్డాయి. ఆ నెలలోనే వాళ్ళమ్మ కంటి ఆపరేషను పెట్టుకుంది. ఇద్దరు టీచర్లు ఒకేసారి లేకపోతే ఎట్లా అని ఆమెకు సెలవివ్వలేదు. తర్వాత ఆమె నాతో ఒక్కటే మాట అంది. "నాకు చెప్పి ఉండొచ్చు గదా. ఆపరేషను రెండు నెలలు ముందో వెనకో పెట్టుకునేవాళ్ళం." యజమాని దగ్గర దాచానని అనుకున్నాను గాని, ఆ దాపరికం ఖర్చు యజమాని భరించలేదు. పక్క బల్ల ఆవిడ భరించింది.

రెండో బాకీ ఇంతకన్నా పెద్దది. 1999లో నేనే హెడ్‌మిస్ట్రెస్‌ని, మరో ఊళ్ళో మరో ప్రైవేటు బళ్ళో. లెక్కల టీచరు కావాలని ప్రకటన వేస్తే ఒక అమ్మాయి వచ్చింది. బల్ల మీద సుద్దముక్క పెట్టి లెక్క చెప్పమంటే చక్కగా చెప్పింది. అంతా అయిపోయాక, వరండాలో ముచ్చటించినట్టే నవ్వుతూ, "విశేషమేమైనా ఉందా?" అన్నాను. ఆ అమ్మాయి "లేదు మేడం" అంది.

రెండు నెలల తర్వాత వచ్చి చెప్పింది. చేరేనాటికే మూడు దాటిందట. నాకు ఒళ్ళు మండిపోయింది. "మరి అడిగినప్పుడు అబద్ధం చెప్పావే?" అన్నాను. ఆ అమ్మాయి తల ఎత్తి, "మీరు అడిగారు కాబట్టి చెప్పాను మేడం. అడక్కపోయుంటే చేరిన వారానికే నిజం చెప్పి ఉండేదాన్ని" అంది.

ఎంత చిన్న మాట! నాకు జవాబు దొరకలేదు. దొరకనప్పుడు అధికారంలో ఉన్నవాళ్ళు ఏం చేస్తారో నేనూ అదే చేశాను. కాగితాలు సర్దుకున్నాను. పురిటికి వెళ్ళిన మనిషి స్థానంలో వేరే ఆవిడను వేసుకోమన్నారు మేనేజిమెంటు వారు. పురుడయ్యాక తిరిగి రావడానికి ఆ అమ్మాయికి చోటు లేకుండా పోయింది. ఆ ఉత్తరం మీద సంతకం నాది. 1981లో నేను చేసిందే ఆమె చేసిందని నేను ఎవరికీ చెప్పలేదు. నాకు ఆయా వేసిన పీటలాంటిది ఆ అమ్మాయికి నేను వెయ్యలేదు.

ఆనాడు నాకు తెలియని సంగతి ఒకటుంది. ఇలాంటి తగాదాయే సుప్రీంకోర్టు దాకా వెళ్ళి తీర్పు వచ్చి అప్పటికే ఎనిమిదేళ్ళయింది. నీరా మాథుర్ అనే ఆమె 1989లో జీవిత బీమా సంస్థలో అసిస్టెంటుగా ఎంపికైంది. రాత పరీక్ష, ఇంటర్వ్యూ, వైద్య పరీక్ష అన్నీ దాటింది. ప్రొబేషనులో ఉండగా ప్రసూతి సెలవు అడిగింది. 1990 జనవరిలో బిడ్డ పుట్టింది. ఆ మరుసటి నెలలో ఉద్యోగం నుంచి తీసేశారు. పని బాగాలేదని చెప్పినా, అసలు అభియోగం వేరు. చేరేటప్పుడు నింపిన పత్రంలో ఆమె సరైన తేదీ రాయలేదట. ఏ తేదీ? కిందటిసారి బయట చేరిన తేదీ! ఆ పత్రంలో నెలసరి క్రమంగా వస్తుందా, నొప్పి ఉంటుందా, ఎన్ని కాన్పులు, గర్భస్రావాలైనాయా అని వరసగా ప్రశ్నలుండేవి. మన అత్తగార్లు కూడా అడగడానికి వెనకాడే వివరాలు ఒక బీమా సంస్థకు కావలసి వచ్చాయి.

1991 అక్టోబరు 31న తీర్పు వచ్చింది. తప్పు ఆమె ఇచ్చిన జవాబులో కన్నా, ఆ పత్రం అడిగిన ప్రశ్నల్లోనే ఉందని న్యాయమూర్తులు భావించారు. అభిమానం గల ఆడమనిషి చెప్పుకోలేని సంగతులవి అన్నారు. ఆమెను తిరిగి తీసుకోమన్నారు. పత్రంలో ఆ గడులు తీసెయ్యమన్నారు. నా లెక్కల టీచరు ఒక్క వాక్యంలో చెప్పిందీ ఇదే గదా!

నేను గుణసంధి మధ్యలో పరుగెత్తిన 1981లోనే మరో తీర్పు వచ్చింది. అప్పట్లో ఎయిరిండియా విమానాల్లో పనిచేసే హోస్టెసులకు మొదటి గర్భం రాగానే ఉద్యోగం పోయే నిబంధన ఉండేది. నర్గేష్ మీర్జా మొదలైనవాళ్ళు పోరాడితే ఆగస్టులో సుప్రీంకోర్టు ఆ నిబంధనను కొట్టేసింది.

ఇవన్నీ పాతకాలపు సంగతులనుకోకండి. 2022 జనవరిలో స్టేట్ బ్యాంకు వారి కొత్త వైద్య నియమాలు పత్రికలకెక్కాయి. ఎంపికైన అమ్మాయికి మూడు నెలలు దాటి ఉంటే 'తాత్కాలికంగా అనర్హురాలు' అట. కానుపైన నాలుగు నెలలకు వచ్చి చేరవచ్చునట. దేశమంతా గగ్గోలు పుట్టింది. ఢిల్లీ మహిళా కమిషను నోటీసిచ్చింది. నెల తిరక్కుండానే బ్యాంకువారు ఆ నియమాన్ని నిలిపేశారు. 'తాత్కాలికంగా అనర్హురాలు' అన్న మాట నాకు మాత్రం ఇంకా గుర్తుంది. జ్వరమొచ్చినవాడిని కూడా ఎవరూ అలా అనరు.

డెన్మార్కులో జరిగిన కేసైతే మా పక్కింటి పిల్ల కథే. 1995లో టెలి డాన్మార్క్ అనే టెలిఫోను కంపెనీలో ఒకామెను ఆరు నెలలకు తీసుకున్నారు. జూలైలో చేరింది. ఆగస్టులో, నవంబరు మొదట్లో తనకు కాన్పు అని చెప్పింది. అంటే ఆరు నెలల పనిలో చాలా భాగం ఉండదన్నమాట. చేర్చుకునేటప్పుడు చెప్పలేదని తీసేశారు. 2001లో యూరోపు న్యాయస్థానం అది చెల్లదని తేల్చింది. చెప్పకపోవడం తప్పు కాదంది. పని కాలంలో ఎక్కువ భాగం రాలేకపోయినా సరేనంది.

అయితే, కోర్టు తప్పు కాదన్నంత మాత్రాన మనసు ఒప్పుకోదు. కోటలో కొట్టున్న తండ్రి చెప్పింది చట్టం మాట కాదు, ధర్మం మాట. ఆయనకు జవాబు ధర్మంలోనే వెతకాలి.

ఆ రాత్రి నాకు పోతనగారి వామన చరిత్ర గుర్తుకొచ్చింది. మూడడుగుల దానం వద్దని శుక్రాచార్యుడు బలికి నచ్చజెబుతూ, ఏ ఏ సందర్భాల్లో బొంకితే పాపం లేదో ఒక జాబితా చదువుతాడు. ఆడవాళ్ళ విషయంలో, పెళ్ళి విషయంలో, ప్రాణం, ధనం, మానం పోయే వేళ, ఇలా సాగుతుంది. ఈ పిల్ల విషయంలో ఆ జాబితాలో సగం కలిసొస్తాయి. కాని బలి ఆ సలహా వినలేదు, ఇచ్చిన మాట తప్పనన్నాడు. మన జనం శుక్రుడి జాబితాను అవసరానికి వాడుకుంటారు, చేతులెత్తి మొక్కేది మాత్రం బలికే. అందుకే నేను శుక్రుడి దారి పట్టదలచుకోలేదు. ఈ అబద్ధానికి మినహాయింపు ఉందా అని కాదు, అసలు ఇది అబద్ధమా అన్నదే నా ప్రశ్న.

చెప్పకపోవడానికీ, దాచడానికీ, బొంకడానికీ తేడా ఉంది. అవతలి మనిషికి తెలుసుకునే హక్కున్న సంగతిని చెప్పకపోతే అది దాచడం. హక్కు లేని సంగతిని చెప్పకపోతే అది ఊరుకోవడం. పొలం అమ్మేవాడు దాని మీద తాకట్టుందని చెప్పకపోతే మోసం. ఎందుకంటే అమ్ముతున్నది పొలాన్ని. ఈ అమ్మాయి కంపెనీకి అమ్ముతున్నదేమిటి? తన చదువు, పని, రోజుకు ఎనిమిది గంటలు. కడుపు ఆ బేరంలో లేదు. లేనిదాని మీద తాకట్టు గొడవ ఎక్కడిది?

"మరి ఆ ఎనిమిది గంటలే ఆరునెలల పాటు ఉండవు గదా?" అంటారు తండ్రిగారు. నిజమే. దానికి జవాబు ఒక చిన్న లెక్కలో ఉంది. నిండు నెలలంటే సుమారు 280 రోజులు. ప్రసూతి సెలవుకు చట్టం అడిగేది కాన్పు తేదీకి ముందు పన్నెండు నెలల్లో 80 రోజులు పనిచేసి ఉండటం. 1961లో చట్టం వచ్చినప్పుడు అది 160 రోజులు, 1988లో 80కి తగ్గించారు. 160 అయినా 80 అయినా 280 కన్నా తక్కువే! అంటే చేరే రోజుకే ఒక ఆడమనిషి కడుపుతో ఉండవచ్చునని చట్టం రాసినవాళ్ళకు తెలుసు. తెలిసే ఆమెకు చోటు ఉంచారు. పన్నెండు వారాలుండే సెలవును 2017లో, మొదటి ఇద్దరు బిడ్డలకు, 26 వారాలు చేశారు. 2025 నవంబరులో ఈ చట్టం సామాజిక భద్రతా స్మృతిలో కలిసినా ఆ 80 రోజులూ ఆ 26 వారాలూ మారలేదు. (జీతం ఇరవై ఒక్క వేల లోపున్న వాళ్ళకు ఇ.ఎస్.ఐ. ద్వారా వచ్చేదానికి లెక్కలు వేరు. వాళ్ళు ముందే కనుక్కోవడం మంచిది.)

అన్నిటికన్నా నాకు నచ్చిన సంగతి ఇంకొకటి. 2017 సవరణలో ఒక మాట చేర్చారు. ఆడమనిషి ఉద్యోగంలో చేరేటప్పుడే, ఆమెకు ప్రసూతి సౌకర్యాలేమేమి ఉన్నాయో యజమాని రాతపూర్వకంగా తెలియజెయ్యాలి. చూశారా! ఎవరు ముందు చెప్పాలి అని మనం తలలు పట్టుకుంటుంటే, చట్టం ఎప్పుడో తేల్చేసింది. ముందు చెప్పాల్సింది ఆయన. "అమ్మా, నీకు అవసరమైతే ఇక్కడ ఇంత సెలవుంది" అని ఆయన చెబితే, "ఆ అవసరం దగ్గరలోనే ఉందండీ" అనడం ఎంత సులభం! ఎంతమంది యజమానులు చెబుతున్నారో మీరే మీ ఇళ్ళల్లో ఆడపిల్లల్ని అడిగి చూడండి.

యజమానుల వైపూ కొంచెం చూడాలి. నేనూ ఆ కుర్చీలో కూర్చున్నదాన్నే గదా. పదిమంది పనిచేసే చోట ఒకరు ఆరునెలలు లేకపోతే ఇబ్బందే. ఇ.ఎస్.ఐ. లేనిచోట ఆ 26 వారాల జీతమూ యజమానే ఇచ్చుకోవాలి. అందుకే బల్ల అవతల నుంచి ఆ ప్రశ్న మాటిమాటికీ తొంగిచూస్తుంది. అంతర్జాతీయ కార్మిక సంస్థ 2000లో చేసిన ప్రసూతి రక్షణ ఒడంబడికలో, ఈ ఖర్చు ఒక్క యజమాని నెత్తిన పడకుండా బీమా నుంచో ప్రభుత్వ నిధి నుంచో రావాలన్నారు. ఉద్యోగానికి వచ్చిన ఆడదాన్ని గర్భ పరీక్ష చేయించుకు రమ్మని అడగకూడదనీ అన్నారు. ఆ ఒడంబడిక మీద మన దేశం సంతకం చెయ్యలేదు. బిడ్డ దేశానికి పుడుతుంది, బిల్లు ఒక్కరికి పోతుంది. ఇది సర్దుకోవలసిన సంగతే. అయితే ఆ బిల్లు చూపించి ఒక ఆడపిల్ల ముంతలో నీళ్ళు ఒలకబోయడం న్యాయం కాదు.

మా వాకాటి మాగాణుల్లో నాట్ల వేళ చూశాను. వరుసలో కడుపుతో ఉన్న మనిషి ఉంటే ఎవరూ ఏమీ అడగరు. నడకను బట్టి తెలిసిపోతుంది. గట్టు వైపు నిలబడమంటారు, నడుము నొస్తే లేచి కూర్చోవడానికి. నారు కట్టలు మోసే పని ఆమెకు చెప్పరు. అంత మర్యాద తెలిసిన మనుషులకు పనికి రాని రోజు కూలి మాత్రం లేదు. కంపెనీలో కూలి ఉంది, గట్టు వైపు చూపించే మనిషి ఉంటారో ఉండరో తెలియదు. రెండూ ఒక్కచోట ఉండాలని కోరుకోవడం అత్యాశేమీ కాదనుకుంటాను.

మర్నాడు సాయంత్రం ఆ పిల్ల వచ్చింది. ఈసారి అత్తగారు కూడా వెంట వచ్చి, వినీ విననట్టు తమలపాకులు తుడుస్తూ కూర్చుంది. నాకు తోచింది చెప్పాను.

"చేరకముందు చెప్పాల్సిన పని లేదు. ఎవరైనా అడిగితే బొంకవద్దు. అది నా ఇంటి సంగతండీ, పనికి సంబంధించింది అడగండి అని చెప్పు. ఆ మాట చెప్పే ధైర్యం లేక లేదన్నావనుకో, తప్పు నీ ఒక్కదానిదే కాదు. అడిగినవాడిది ముందు. చేరిన తర్వాత, మూడో నెల నిండగానే, కడుపు చెప్పకముందే నువ్వే చెప్పు. ముందు పక్కన పనిచేసేవాళ్ళ కోసం చెప్పు, తర్వాత ఆఫీసరు కోసం. ఎన్నో నెలలో పోతావు, ఎప్పుడు తిరిగి వస్తావు, నీ పని ఎవరికి నేర్పించి పోతావు, ఇవి కాగితం మీద రాసుకుని వెళ్ళు. క్షమాపణ మాత్రం అడగొద్దు. నువ్వు చేసిన తప్పేమీ లేదు."

"పని చేసే చోట మందుల వాసనలూ రసాయనాలూ ఉంటే?" అంది.

"అప్పుడు మూడో నెల దాకా ఆగొద్దు. ఆ రోజే చెప్పు. అక్కడ చెప్పేది కంపెనీ కోసం కాదు, కడుపులో దాని కోసం."

అత్తగారు తమలపాకు తుడవడం ఆపి, "మూడో నెల నిండినాక అని నేనూ అదే గదక్కా చెప్పింది!" అంది. నిజమే సుమండీ. దిష్టి శాస్త్రమూ నేనూ ఒక్కచోటే తేలాం. దారులు మాత్రం వేరు. మన పెద్దవాళ్ళు ఈ కబురుకు ఒక వరస పెట్టారు. ముందు మొగుడికి, తర్వాత అమ్మకూ అత్తకూ, మూడు నిండాక చుట్టాలకు, చలిమిడి పెట్టేటప్పుడు ఊరికి. ఆ వరసలో యజమానికి చోటు లేదు. వాళ్ళ కాలంలో యజమాని లేడు. మనం ఇప్పుడు చుట్టాల తర్వాత, ఊరికి ముందు ఎక్కడో ఆయనకు ఒక పీట వెయ్యాలి. అంతకన్నా ముందు పీట ఆయన అడక్కూడదు.

ఆ పిల్ల ఒకటో తేదీన చేరింది. తెల్లవారుజామునే లేచి నాయుడుపేట దాకా పోయి కంపెనీ బస్సెక్కేది. చేరేటప్పుడు ఎవరూ ఏమీ అడగలేదట. చేతికిచ్చిన కాగితాల్లో ప్రసూతి సెలవు మాట కూడా ఎక్కడా కనిపించలేదట. మూడు నిండిన సోమవారం నాడు చెప్పింది. ముందు పక్క బల్ల అమ్మాయికి, మధ్యాహ్నం ఆఫీసరుకు. ఆయన కాసేపు ఏమీ మాట్లాడలేదట. క్యాలెండరు వంక చూసి, వేళ్ళ మీద ఏవో నెలలు లెక్కపెట్టుకుని, "ముందే చెప్పుంటే బాగుండేది" అన్నాడట. ఆ తర్వాత, ఆమె ఇంకా నిలబడే ఉందని గమనించి, కుర్చీ చూపించాడట.

అది మెచ్చుకోలో సణుగుడో ఆ పిల్లకు అర్థం కాలేదు. నాకూ కాలేదు. కాని కుర్చీ చూపించాడు గదా. 1999లో నేను అది కూడా చెయ్యలేదు.

ఆ లెక్కల టీచరు ఇప్పుడెక్కడుందో నాకు తెలియదు. ఆ బిడ్డకు పాతికేళ్ళు దాటి ఉంటాయి. ఆడపిల్లయితే ఈపాటికి ఎక్కడో ఒక బల్ల ముందు కూర్చుని ఉద్యోగానికి జవాబులు చెబుతూ ఉండవచ్చు.

నేను మాత్రం ఒక అలవాటు మార్చుకున్నాను. బస్సులో కొత్త పెళ్ళికూతురు పక్కన కూర్చుంటే నోటి చివరిదాకా వచ్చిన ప్రశ్నను మింగేసి, "వానలు పడేట్టున్నాయా అమ్మా?" అని అడుగుతున్నాను. చెప్పాలనిపిస్తే తనే చెబుతుంది.